ఖాళీ రోడ్డు, ఎర్రబొమ్మ



ఈవేళ మాట్లాడబోయేది చూడ్డానికి చాలా చిన్న సంగతి. మీరు రోడ్డు దాటాలి. కుడివైపు చూశారు, ఏమీ రావడం లేదు. ఎడమవైపు చూశారు, అటూ ఏమీ లేదు. ఎదురుగా సిగ్నల్ స్తంభం మీద ఎర్రబొమ్మ మాత్రం ఆగమంటోంది. ఆగుతారా, దాటేస్తారా?

ఇదీ ఒక ప్రశ్నేనా అని మీరు నవ్వుకోవచ్చు. కానీ దీని మీద పుస్తకాల్లో అధ్యాయాలు రాసిన ప్రొఫెసర్లున్నారు. దీనికోసం చట్టాలు మార్చుకున్న రాష్ట్రాలున్నాయి. ఆ ప్రొఫెసర్లలో ఒకాయన దగ్గర మొదలుపెడతాను.

1990 వేసవిలో జేమ్స్ స్కాట్ అనే అమెరికన్ పెద్దమనిషి తూర్పు జర్మనీ వెళ్ళాడు. యేల్ విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రం చెప్పేవాడు. మలేసియా పల్లెల్లో పేదరైతులు మోతుబరుల మీద పైకి తిరగబడకుండానే, పని నెమ్మదిగా చేసీ, ఏమీ తెలియనట్టు నటించీ ఎలా ఎదురుతిరుగుతారో రాసి పేరు తెచ్చుకున్నవాడు. జర్మన్ భాష పట్టుబడాలని అక్కడొక సమష్టి వ్యవసాయ క్షేత్రంలో మకాం పెట్టాడు. బెర్లిన్ గోడ కూలి ఇంకా ఏడాది తిరగలేదు. దగ్గర్లో ఉన్న పట్నం పేరు న్యూబ్రాండెన్‌బర్గ్. అక్కడి రైల్వే స్టేషన్ దగ్గర పెద్ద కూడలి. పగలు రద్దీ ఉంటుంది గానీ, రాత్రి తొమ్మిదింటికి వాహనాలు ఎప్పుడో ఒకటి వస్తాయి. సిగ్నల్ మాత్రం పగటి లెక్కతోనే మారుతుంది. చదునైన నేల కాబట్టి దూరాన వచ్చే బండి కూడా కనిపిస్తుంది. అయినా యాభై అరవై మంది రోడ్డు పక్కన నాలుగైదు నిమిషాలు కదలకుండా నిలబడేవాళ్ళట. ఎవరైనా తొందరపడి దాటితే మిగతావాళ్ళు నాలుక చప్పరించి, వేలు ఆడించి మందలించేవాళ్ళట.

స్కాట్‌కి ఇది మొదట వింతగా తోచింది. ఆలోచించినకొద్దీ భయం వేసింది. ఇరవయ్యో శతాబ్దంలో ఆ దేశం ఆజ్ఞలకు తలవంచి ఎంతదూరం వెళ్ళిందో లోకానికి తెలుసు. అందుకని ఆయన ఒక సూత్రం తయారుచేసుకున్నాడు. మనిషి రోజుకో అర్థంలేని చిన్న నిబంధనని కావాలని అతిక్రమించాలి, కసరత్తు చేసినట్టు. అలా అలవాటు ఉంటేనే, నిజంగా ఎదిరించాల్సిన పెద్ద అన్యాయం ఎదురైన రోజున కాళ్ళు కదులుతాయి అన్నాడు. 2012లో అచ్చయిన ఆయన పుస్తకంలో ఈ వాదన ఉంది.

స్కాట్ అంటే నాకు గౌరవం. ఆయన 2024లో పోయాడు, ఇప్పుడు వాదించడానికి లేడు. కానీ ఈ వాదన మన ఊళ్ళోకి తెచ్చి చూడండి. ఆయన చెప్పిన కసరత్తు మనం ఎవరూ చెప్పకుండానే పొద్దున లేచింది మొదలు చేస్తున్నాం. హెల్మెట్ బండికి తగిలిస్తాం. యూ టర్న్ దూరమని రాంగ్ రూట్‌లో వస్తాం. ఎర్రదీపం పడ్డాక కూడా ఇంకో నాలుగు బండ్లు జారుకుంటాయి. ఇంత సాధన చేసిన మనం పెద్ద అన్యాయాలను ఎదిరించడంలో జర్మన్లకంటే ఆరితేరిపోయామా? నాకైతే ఆ దాఖలా కనిపించలేదు. చిన్న నియమాలు మీరడం ఒక అలవాటు, పెద్ద అన్యాయాన్ని ఎదిరించడం ఇంకో గుణం. మొదటిది ఎంత ముదిరినా రెండోది దానంతటది రాదు.

మా అక్క కొడుకు చదువుకోసం జర్మనీలోని మాగ్డెబర్గ్ వెళ్ళాడు. ఇప్పుడు ఆ దేశంలో మన తెలుగు పిల్లలు లేని యూనివర్సిటీ ఊరు తక్కువ. వెళ్ళిన కొత్తలో ఫోన్ చేసి, “పిన్నీ, ఇక్కడివాళ్ళు రాత్రి పన్నెండింటికి కూడా, పిల్లి కూడా లేని రోడ్డు మీద ఆగుతారు” అని నవ్వాడు. కొన్నాళ్ళకు నవ్వడం మానేశాడు. ఏమైందిరా అంటే, ఓ పొద్దున ట్రామ్ అందదని ఎర్రబొమ్మ ఉండగా దాటబోయాడట. పక్కనున్న ముసలావిడ కేకేసింది. “నన్ను ఆపడానికి కాదు పిన్నీ, నా వెనక చిన్నపిల్లాడున్నాడు, వాడు చూస్తున్నాడు అంది” అన్నాడు.

ఆ ముసలావిడ సొంతంగా కనిపెట్టిన మాట కాదది. జర్మనీలో చాలా కూడళ్ళ దగ్గర, పచ్చబొమ్మ పడితేనే దాటండి, పిల్లలకు ఆదర్శంగా ఉండండి అని పలకలు పెట్టి ఉంటాయి. ఎర్రలో దాటిన పాదచారికి అక్కడ జరిమానా 5 యూరోలు. ఒక కాఫీ, ఒక బన్ను ఖరీదు. ఐదు యూరోలకు భయపడి ఒక జాతి జాతంతా నిలబడదు. పిల్లల మాట చెబితే నిలబడుతుంది.

ఈ పిల్లల సంగతి దగ్గర కొంచెం ఆగుదాం, ఎందుకంటే నా దృష్టిలో అసలు విషయం ఇక్కడే ఉంది. రోడ్డు ఖాళీగా ఉంది అనేది కంటికి కనిపించే వస్తువు కాదు, అదొక తీర్పు. మీరు రెండువైపులా చూసి, దూరం అంచనా వేసి, మీ కాళ్ళ సత్తువ లెక్కకట్టి ఇచ్చుకున్న తీర్పు. అది సరైన తీర్పే కావచ్చు. కానీ ఆ లెక్కంతా మీ తలలో జరిగింది. పక్కనున్న ఆరేళ్ళ పిల్లకు అది కనబడదు. ఆ పిల్లకు కనబడేది ఒక్కటే, ఎర్రబొమ్మ ఉండగా పెద్దాయన దాటాడు. పైగా పిల్లలకు వచ్చే బండి వేగం అంచనా కట్టడం చేతకాదు. ఆగి ఉన్న కారు వెనక నుంచి వాళ్ళకు రోడ్డే కనబడదు. రేపు ఒంటరిగా అదే చోట నిలబడినప్పుడు ఆ పిల్ల మీరు చేసిన పనిని చేస్తుంది, మీరు వేసిన లెక్క వేయకుండా.

చూపులేనివాళ్ళ సంగతీ అంతే. కూడలి దగ్గర వాళ్ళు చెవులతో దాటుతారు. ఇంజను చప్పుడు ఆగిందా, పక్కవాళ్ళ అడుగులు కదిలాయా అని వింటారు. మీరు ధైర్యంగా ఒక అడుగు వేస్తే, పచ్చ పడిందనుకుని వాళ్ళూ వేయవచ్చు. మీరు పరుగెత్తి అవతల పడతారు. వాళ్ళు పరుగెత్తలేరు. బ్యాటరీ బండ్లు వచ్చాక చెవుల మీద ఆధారపడడం మరీ కష్టమైంది.

పెద్దవాళ్ళు మాత్రం ఒకరిని చూసి ఒకరు నడవరా? 1955లో అచ్చయిన ఒక పరిశోధన గుర్తొస్తుంది. అమెరికాలో టెక్సస్ రాష్ట్రం ఆస్టిన్ నగరంలో లెఫ్‌కోవిట్జ్, బ్లేక్, మూటన్ అనే ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు చేశారు. ఒకే మనిషిని కొన్నిసార్లు సూటు, టై వేసుకుని, కొన్నిసార్లు కూలిపని బట్టల్లో, సిగ్నల్‌కి విరుద్ధంగా రోడ్డు దాటమన్నారు. సూటు వేసుకున్నప్పుడు అతని వెనక దాటినవాళ్ళు మూడున్నర రెట్లు ఎక్కువ. మనిషి ఒకడే, నడక ఒకటే, బట్టలే వేరు. మన దగ్గర సూటుకు బదులు ఇంకేదో ఉంటుంది లెండి, మెడలో ఆఫీసు గుర్తింపు కార్డో, తెల్ల ఖద్దరు చొక్కానో. పెద్దమనిషిలా కనిపించేవాడు దాటితే మిగతావాళ్ళు అనుమానం పెట్టుకోరు.

2017లో ఫ్రెంచి పరిశోధకులు మరో లెక్క తీశారు. ఫ్రాన్స్‌లో స్ట్రాస్‌బర్గ్, జపాన్‌లో నగోయా, రెండుచోట్లా కూడళ్ళ దగ్గర నిలబడి చూశారు. ఎర్రలో దాటినవి స్ట్రాస్‌బర్గ్‌లో నూటికి 42 దాకా, నగోయాలో నూటికి 2. స్ట్రాస్‌బర్గ్ నుంచి రైన్ నది దాటితే, ఖాళీ రోడ్డు మీద కూడా ఆగే జర్మనీయే. అంటే ఇది ఐరోపా, ఆసియా తేడా కాదు. ఊరూ ఊరూ తనకు తాను ఏర్పరచుకున్న అలవాటు.

ఇంతకీ ఈ బొమ్మ ఎక్కడిది? తూర్పు జర్మనీ కథ చెబుతాను, సరదాగా ఉంటుంది. కార్ల్ పెగ్లావ్ అనే ట్రాఫిక్ మనస్తత్వ నిపుణుడు 1961 అక్టోబరు 13న తన బొమ్మల నమూనా ప్రభుత్వానికి చూపించాడు. బెర్లిన్ గోడ లేవడం మొదలై సరిగ్గా రెండు నెలలు. ఎర్రబొమ్మ రెండు చేతులూ బారజాపి అడ్డంగా నిలబడుతుంది, పచ్చబొమ్మ పెద్ద అంగలేస్తూ నడుస్తుంది. బొద్దుగా, పొట్టిగా ఉంటుంది, ఎక్కువ వెలుతురు బయటికి రావాలని. రంగులు గుర్తుపట్టలేనివాళ్ళకు కూడా ఆకారం చూస్తే తెలిసిపోవాలని. నెత్తిన టోపీ పెట్టాడు గానీ, ఇది పాతకాలపు షావుకారు టోపీ అని ప్రభుత్వం కాదంటుందేమోనని భయపడ్డాడట. కాదనలేదు. జర్మనీ ఏకమయ్యాక తూర్పు ప్రాంతపు గుర్తులన్నీ తీసేస్తూ ఈ బొమ్మనూ పీకేయబోతే జనం అడ్డుపడ్డారు. ఆ బొమ్మ నిలిచింది. పశ్చిమ బెర్లిన్ కూడళ్ళకు కూడా ఎక్కింది. గోడ కట్టిన ప్రభుత్వం పోయింది, రోడ్డు దాటించిన బొమ్మ మిగిలింది.

ఇంకా వెనక్కి వెళితే, ప్రపంచంలో మొదటి ట్రాఫిక్ సిగ్నల్ 1868 డిసెంబరులో లండన్‌లో పార్లమెంటు భవనం ఎదుట వెలిసింది. అప్పటికి మోటారు కారు పుట్టనే లేదు. గుర్రబ్బండ్ల కింద పడి నడిచేవాళ్ళు చనిపోతున్నారని, రైల్వేలో పనిచేసే జాన్ పీక్ నైట్ రైలు సిగ్నల్‌లాంటిదే ఒకటి తయారుచేయించాడు. పగలు చేతులు లేస్తాయి, రాత్రి ఎర్ర, పచ్చ గ్యాసు దీపాలు వెలుగుతాయి. చేతులు లేచినా, ఎర్రదీపం పడినా బండ్లు ఆగాలి, నడిచేవాళ్ళు దాటాలి. నెల తిరక్కుండా గ్యాసు లీకై పేలింది, దాన్ని తిప్పే పోలీసు గాయపడ్డాడు. ఆ ప్రయోగం ఎక్కువకాలం నిలవలేదు. నేను గుర్తుపెట్టుకోమనేది ఒక్క విషయం. సిగ్నల్ పుట్టింది నడిచేవాడికోసం. ఆపాల్సింది బండిని.

అది తలకిందులైంది అమెరికాలో, 1920ల్లో. కార్లు పెరిగాయి, వాటి కింద పడి చచ్చేవాళ్ళు పెరిగారు, అందులో పిల్లలు ఎక్కువ. 1923లో సిన్సినాటి నగరంలో 42,000 మంది సంతకాలు పెట్టారు. ఏ కారైనా గంటకు 25 మైళ్ళు, అంటే 40 కిలోమీటర్లు మించి పోకుండా యంత్రంలోనే కట్టడి పెట్టాలన్నది వాళ్ళ కోరిక. కారు వ్యాపారులంతా ఒక్కటై ఓటింగులో దాన్ని ఓడించారు. ఆ తరవాత వాళ్ళు తెలివిమీరారు. కారును కట్టడి చేయడం కాదు, నడిచేవాడిని కట్టడి చేయాలన్నారు. రోడ్డుకు అడ్డంపడి నడవడం మోటుతనమని ఎగతాళి చేయించారు. 1925లో లాస్ ఏంజిలిస్ తెచ్చిన నిబంధనలు తరవాత చాలా ఊళ్ళకు నమూనా అయ్యాయి. పీటర్ నార్టన్ అనే చరిత్రకారుడు ఈ కథంతా తవ్వి తీశాడు. అంతవరకూ అందరిదీ అయిన వీధి, ఒక తరంలో బండ్లది అయింది. నడిచేవాడు తన వీధిలో తానే అతిక్రమణదారుడయ్యాడు.

కాబట్టి ఎర్రబొమ్మ ఆగమంటే, ఆ ఆజ్ఞ వెనక ఎవరున్నారు అని అడిగే హక్కు నడిచేవాడికి ఉంది. పెట్టింది నా ప్రాణం కోసమా, అవతలివాడి వేగం కోసమా?

మన సంగతికి వద్దాం. అంతకుముందు ఒక చిన్న లెక్క. కాగితం అక్కర్లేదు, వింటే చాలు.

మామూలు మనిషి నడక సెకనుకు 1.2 మీటర్లు అని రోడ్డు ఇంజనీర్లు లెక్క కడతారు. ఆరు వరసల రోడ్డు, వరసకు మూడున్నర మీటర్లు, మొత్తం 21 మీటర్లు. మధ్యలో ఆగకుండా దాటడానికి పదిహేడున్నర సెకన్లు పడుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఆ సమయంలో దాదాపు 290 మీటర్లు వస్తుంది. అంటే రోడ్డు నిజంగా ఖాళీ అనాలంటే మీకు 300 మీటర్ల మేర ఏమీ కనబడకూడదు. మధ్యలో డివైడర్ ఉంటే సగం సగం దాటొచ్చు, ఒక్కోసారి 150 మీటర్లు ఖాళీ ఉంటే చాలు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు సెకనుకు 0.8 మీటర్లే నడిస్తే 26 సెకన్ల పైనే కావాలి, దాదాపు 440 మీటర్ల ఖాళీ కావాలి. మలుపుల్లో, ఫ్లైఓవర్ దిగే చోట, లైటు వేసుకోని బైకులు తిరిగే రాత్రిపూట, మన రోడ్ల మీద 440 మీటర్లు చూడగలిగినవాళ్ళు చెయ్యెత్తండి. ఖాళీ అని మనం అనుకునేది చాలాసార్లు, ఇంకా రాలేదు అని మాత్రమే.

ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్ నగరంలో 2009లో అచ్చయిన ఒక అధ్యయనం ప్రకారం, సిగ్నల్‌కి విరుద్ధంగా దాటడంలో ప్రమాదం సిగ్నల్ ప్రకారం దాటడం కంటే దాదాపు ఎనిమిది రెట్లు. అది రద్దీ, ఖాళీ అన్నీ కలిపిన లెక్క. ఖాళీ రోడ్డు మీద కూడా అంతేనని నేను అనను. అయితే ఆ దెబ్బతిన్నవాళ్ళలో కొందరైనా రోడ్డు ఖాళీగానే ఉందనుకుని అడుగు వేసి ఉంటారు కదా.

ఇంతవరకూ విన్నవాళ్ళు, ఈవిడ ఆగమనే చెబుతుందని తేల్చుకుని ఉంటారు. కొంచెం ఓపిక పట్టండి.

మన నగరాల్లో నడిచే మనిషిని ఒకసారి చూడండి. హైదరాబాదులో అమీర్‌పేట మైత్రీవనం దగ్గర, సికింద్రాబాద్ స్టేషన్ ముందు, విజయవాడలో బందరు రోడ్డు మీద, విశాఖలో జగదాంబ కూడలిలో. చాలా కూడళ్ళలో నడిచేవాడి కోసం వేరే బొమ్మే ఉండదు. బండ్ల సిగ్నల్ చూసి, ఎటువైపు ఆగిందో, ఎటువైపు వదిలారో మనమే లెక్క వేసుకుని దూరాలి. బొమ్మ ఉన్నచోట పచ్చ పడుతుంది. మీరు అడుగు వేస్తారు. ఎడమవైపు నుంచి ఫ్రీ లెఫ్ట్ బండ్లు ఆగవు. జీబ్రా గీతల మీద అప్పటికే ఒక ఆటో, రెండు బైకులు నిలబడి ఉంటాయి, వాటి మధ్య సందులోంచి వెళ్ళాలి. ఎర్ర పడ్డాక కూడా దూసుకొచ్చే చివరి బస్సు ఉంటుంది. సగం దూరం వెళ్ళేసరికి బొమ్మ మారిపోతుంది. అందుకే మనవాళ్ళు అసలు బొమ్మను చూడరు, డ్రైవరు కళ్ళలోకి చూస్తారు. అరచెయ్యి అడ్డం పెట్టి, కొంగు బిగించి, ముసలమ్మ రెక్క పట్టుకుని దాటుతారు. ఆ ఎత్తిన చెయ్యే మన దేశంలో పాదచారి సిగ్నల్. ఒక్కోసారి ఎవరో హోంగార్డు పుణ్యం కట్టుకుంటాడు.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్ళలో నడిచేవాళ్ళు 32,825 మంది. రోజుకు 90 మంది. కేంద్ర ప్రభుత్వం అచ్చువేసిన లెక్కే ఇది. వీళ్ళలో చాలామందికి దాటడానికి సిగ్నలూ లేదు, నడవడానికి కాలిబాటా లేదు. ఉన్న కాలిబాట మీద ట్రాన్స్‌ఫార్మరు, కొబ్బరిబోండాల బండి, నిలిపిన బైకులు. పాదచారుల కాలిబాట జీవించే హక్కులో భాగమని 2025 మే నెలలో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. నడవడానికి చోటు ఇవ్వమని దేశంలోని అత్యున్నత న్యాయస్థానం చెప్పాల్సి రావడం ఎంత సిగ్గుచేటో ఆలోచించండి.

మనం కనిపెట్టిన పరిష్కారం వంతెన. 2023లో ఉప్పల్ కూడలి మీద స్కైవాక్ కట్టారు. లిఫ్టులు, ఎస్కలేటర్లు ఉన్నాయి, కిందకంటే క్షేమంగా దాటవచ్చు, బాగుంది. కానీ ఊరంతా ఇదే దారి పట్టి, లిఫ్టు లేని మెట్ల వంతెనలు కట్టి, మోకాళ్ళు అరిగినవాళ్ళని ఎక్కి దిగమంటే, బండి ఆగనక్కర్లేదని ఒప్పుకున్నట్టే. నడిచేవాడిని ఆకాశంలోకి పంపి రోడ్డు బండికి రాసిచ్చినట్టే.

ఈ పరిస్థితిలో ఖాళీ రోడ్డు మీద ఎర్రబొమ్మకు విలువ ఇవ్వాలా అని అడిగితే నా జవాబు ఇది. గోదావరి, కృష్ణా కాలువల కింద వ్యవసాయం చేసిన కుటుంబాలకు వంతు నీళ్ళు అంటే తెలుసు. రాత్రి రెండు గంటలకు గండి దగ్గర ఎవరూ ఉండరు. పక్కవాడి వంతు నడుస్తుంటే, వాడు నిద్రపోయినా మన చేనుకు మళ్ళించుకోం. రేపు మన వంతు వచ్చినప్పుడు వాడూ ముట్టుకోడన్న నమ్మకం ఉంది కాబట్టి. పైచేలవాళ్ళు రోజూ రాత్రి గండి కొట్టి నీళ్ళు దొంగిలిస్తుంటే మాత్రం, చివరి ఆయకట్టు రైతును మాత్రమే వంతు పాటించమనడం న్యాయం కాదు, అతను పాటించడు కూడా. రోడ్డు మీద చివరి ఆయకట్టు రైతు నడిచేవాడే.

పచ్చబొమ్మ మాట నిలబెట్టుకునే ఊళ్ళో ఎర్రబొమ్మ మాట వినాలి. మాగ్డెబర్గ్‌లో పచ్చ పడితే మలుపు తిరిగే కారు కూడా ఆగి చూస్తుంది. అక్కడ ఖాళీ రోడ్డు మీద ఓ అర నిమిషం ఆగడం నాకేమీ బానిసత్వంలా కనిపించదు. తనకోసం ఆగిన వందల కార్లకు నడిచేవాడు తిరిగి ఇచ్చే బాకీ అది. స్కాట్ ఈ బాకీ సంగతి చూడలేదని నా అభిప్రాయం. పచ్చబొమ్మకు విలువే లేని ఊళ్ళో ఎర్రబొమ్మకు విలువ ఇమ్మని నేను ఏ ముఖం పెట్టుకుని చెప్పను? అక్కడ ఆగితే ప్రాణం కోసం ఆగాలి, 300 మీటర్ల లెక్క కోసం ఆగాలి, పక్కనున్న పిల్ల కోసం ఆగాలి. చట్టం కోసమని చెబితే జనం నవ్వుతారు.

చట్టం మాట వచ్చింది కాబట్టి ఒక్క మాట. నడిచేవాడికి చలానా వేస్తే సరిపోతుందనే వాదన మన దగ్గర తరచు వినిపిస్తుంది. దానికి నేను పూర్తిగా వ్యతిరేకం. అలాంటి చలానాలు దశాబ్దాలు వేసి చూసిన అమెరికాయే ఇప్పుడు వెనక్కి తగ్గుతోంది. 2021లో వర్జీనియా, 2023 జనవరి నుంచి కాలిఫోర్నియా, 2024లో న్యూయార్క్ నగరం తమ చట్టాలు మార్చుకున్నాయి. న్యూయార్క్‌లో ఈ చలానాలు అందుకున్నవాళ్ళలో పదికి తొమ్మిది మంది నల్లవాళ్ళూ, లాటిన్ అమెరికా మూలాలవాళ్ళూ అని తేలడం ఒక పెద్ద కారణం. కాలిఫోర్నియా చట్టం నాకు నచ్చింది. కాస్త జాగ్రత్త తెలిసిన మనిషికి, ఇప్పుడే ఢీకొనే ప్రమాదం ఉందని తోచే పరిస్థితి ఉంటే తప్ప పోలీసు పాదచారిని ఆపి చలానా రాయకూడదు. అదే సమయంలో, జాగ్రత్తగా ఉండాల్సిన బాధ్యత పాదచారికి అలాగే ఉంటుందని కూడా రాసి ఉంది. ఖాళీ రోడ్డు ప్రశ్నకు ఇంత సూటిగా జవాబు చెప్పిన చట్టం నాకు వేరొకటి తెలియదు. మన దగ్గర ఇలాంటి చలానా వస్తే ఎవరి మీద పడుతుందో ఊహించడం కష్టం కాదు. కారులో వెళ్ళేవాడి మీద పడదు. బస్సు దిగి పనికి పరుగెత్తే ఆడమనిషి మీద, అడ్డా మీద నిలబడే కూలీ మీద పడుతుంది.

మన రాష్ట్రాల ట్రాఫిక్ శాఖలు, మునిసిపాలిటీలు ముందు చేయాల్సిన పనులు వేరే ఉన్నాయి. పాదచారి పచ్చ పడినప్పుడు ఫ్రీ లెఫ్ట్ కూడా ఆపాలి. పచ్చ ఉండే సమయం ముసలివాళ్ళ నడకతో లెక్క కట్టాలి. బొత్తాం పెట్టిన చోట, నొక్కిన కొద్దిసేపటికే అది పనిచేయాలి. నొక్కి నొక్కి విసిగిన మనిషి ఎర్రలో దాటితే తప్పు బొత్తానిది. స్టాప్ లైన్ దాటి ఆగిన బండికి కెమెరా చలానా పంపడం ఇప్పుడు కష్టమేమీ కాదు, హెల్మెట్ లేనివాళ్ళకు పంపుతున్నారు కదా.

నా వరకు నేను ఇలా చేస్తాను. పక్కన పిల్లలున్నా, చేతికర్రతో చూపులేని మనిషి ఉన్నా, చీకటి పడినా, రోడ్డు వెడల్పు రెండు వరసలు మించినా కదలను, ఎంత ఖాళీగా ఉన్నా. పట్టపగలు, చిన్న రోడ్డు, రెండువైపులా చివరంటా కనిపిస్తోంది, చుట్టూ ఎవరూ లేరు, అప్పుడు దాటేస్తాను. దాటినందుకు సిగ్గుపడను. మీరు అప్పుడు కూడా ఆగితే మిమ్మల్ని వెర్రివాళ్ళని అనను.

చివరిగా బండి నడిపే శ్రోతలకు ఒక మనవి. ఈ ప్రసంగం ఇప్పుడు కారులో వింటున్నవాళ్ళు కూడా ఉంటారు. ముందొచ్చే కూడలిలో ఎర్ర పడితే జీబ్రా గీతలకు వెనకే ఆగండి. ఎడమవైపు తిరుగుతుంటే, దాటుతున్న మనిషి అవతలి గట్టు ఎక్కేదాకా హారన్ కొట్టకుండా నిలబడండి. నడిచేవాళ్ళు ఎర్రబొమ్మను ఎందుకు లెక్కచేయరు అని అడగడానికి అప్పుడు మనందరికీ హక్కు వస్తుంది.